లొట్టిలో తీపి... సీసాలో పులుపు!

ఉదయం ఐదున్నర. కోటబొమ్మాళి శివారులో ఓ పొలంగట్టు మీద నిలబడి ముగ్గురం తలలు పైకెత్తి చూస్తున్నాం. ఫిబ్రవరి మంచు ఇంకా విడలేదు. పైన ఎక్కడో, ఆకుల గుబురులో, కత్తి గీస్తున్న చప్పుడు సన్నగా వినిపిస్తోంది. చెట్టు మీద ఉన్నాయన వయసు అరవై దాటింది. కింద నా పక్కన నిలబడినవాడు ఆయన కొడుకు, నా చిన్ననాటి స్నేహితుడు. ఫ్రాన్స్‌లోని తూలూజ్‌లో ఇంజినీరు. మూడోవాడు అతని పదేళ్ల కొడుకు. తాతయ్య చెట్టెక్కడం వాడు చూడటం ఇదే మొదటిసారి. బహుశా ఇదే చివరిసారి కూడా. ఎందుకంటే ఈ సీజనుతో మోకు అటకెక్కించేస్తానని పెద్దాయన సంక్రాంతికే ప్రకటించేశారు.

ఇంతకీ నేనిక్కడికి ఎందుకొచ్చినట్టు? ఓ సీసా కోసం!

సెలవుకి వస్తూ మావాడు ఒక వైన్ సీసా వెంట తెచ్చాడు. ఆకుపచ్చగా, సన్నగా, పొడుగ్గా ఉంది. దానిపేరు ‘పిక్‌పూల్ ద పినే’. ‘మా నాన్నచేత రుచి చూపించాలి. నువ్వూ రా, నీకో ఆదివారం కథ దొరుకుతుంది’ అన్నాడు ఫోన్లో. వైన్‌కీ కోటబొమ్మాళికీ ఏమిటి సంబంధం అనుకుంటూనే విశాఖ నుంచి ప్యాసింజర్ ఎక్కాను. రెండురోజులుండి తిరిగెళ్లేటప్పటికి ఆ ప్రశ్న అడగాల్సిన అవసరం లేకపోయింది.

పెదవిని కుట్టే ద్రాక్ష

ముందు ఆ సీసా సంగతి చూద్దాం. ఫ్రాన్స్‌కి దక్షిణాన, మధ్యధరా సముద్రం ఒడ్డున లాంగ్‌డాక్ అనే ప్రాంతం ఉంది. సముద్రానికి పక్కనే తో అనే పెద్ద ఉప్పునీటి సరస్సు. దాని చుట్టుపక్కల పినే, మేజ్, పొమెరోల్ వంటి ఆరు ఊళ్లలో పిక్‌పూల్ అనే తెల్లద్రాక్ష పండుతుంది. ‘పెదవిని కుట్టేది’ అని ఆ పేరుకి అర్థం చెబుతారక్కడ. అంత పులుపన్నమాట! ఎర్రటి ఎండలు కాసే దక్షిణాదిలో ద్రాక్ష మగ్గిపోయి తీపెక్కడం మామూలు. ఈ రకం మాత్రం అంత ఎండలోనూ పులుపుని వదులుకోదు. దాంతో చేసిన వైన్ నిమ్మచెక్క పిండినట్టు చురుగ్గా ఉంటుంది.

ఆ సరస్సులోనే ఆలిచిప్పలు పెంచుతారు. బూజిగ్ అనే ఊరు వాటికి పేరు. మధ్యధరాలో మన బంగాళాఖాతంలోలా పోటూపాటూ పెద్దగా ఉండవు. అందుకని ఆలిచిప్పల్ని సిమెంటు ముద్దతో తాళ్లకు అంటించి, నీళ్లలోకి వేలాడదీసి పెంచుతారు. ఉప్పగా ఉండే ఆ ఆలిచిప్ప, పుల్లగా ఉండే ఈ వైన్... రెండూ ఒక గాలి పీల్చి, ఒక తీరాన పుట్టినవే. అక్కడివాళ్లు ఒకటి లేకుండా రెండోదాన్ని ముట్టరట.

‘మొదటిసారి తాగినప్పుడు నాకు గుర్తొచ్చింది నిమ్మకాయ కాదురా. పదకొండు గంటలప్పటి మా కల్లు’ అన్నాడు మావాడు.

ఉప్పూ పులుపూ ఇక్కడా ఉన్నాయి

ఒకసారి మ్యాపు తెరిచి చూడండి. కోటబొమ్మాళి దాటాక నౌపడ రైల్వేస్టేషన్ వస్తుంది. అక్కడినుంచి సంతబొమ్మాళి వైపు వెళ్తే బ్రిటిష్ వాళ్ల కాలం నుంచీ పేరున్న ఉప్పుమళ్లు కనుచూపుమేర తెల్లగా పరుచుకుని ఉంటాయి. వాటి పక్కనే పర్రనీళ్లు. వాటిలో పీతలు, రొయ్యలు. చలికాలంలో తేలినీలాపురానికి దిగే పెలికాన్ పక్షులు మేతకొచ్చేదీ ఈ నీళ్లకే. ఇంకాస్త ముందుకెళ్తే భావనపాడు తీరం. 2023లో శంకుస్థాపన జరిగిన మూలపేట పోర్టుదీ ఈ దారే.

అక్కడ సరస్సు, ఇక్కడ పర్ర. అక్కడ ఆలిచిప్ప, ఇక్కడ పీత. అక్కడ ద్రాక్షతీగ... ఇక్కడ తాడిచెట్టు!

ఉద్దానాన్నీ ఈ తీరాన్నీ ఫైలిన్, హుద్‌హుద్, తిత్లీ తుపాన్లు వరుసగా ఊపేశాయి. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగిన దృశ్యం ఈ జిల్లావాసులు మర్చిపోలేరు. తాడి మాత్రం గాలికి తట్టుకునే మొండి చెట్టు. నీళ్లు పెట్టక్కర్లేదు, ఎరువు వెయ్యక్కర్లేదు. కాకపోతే ఓపిక కావాలి. టెంక పాతిన పదిహేను, ఇరవై ఏళ్లకిగానీ పూతకి రాదు. అది పోతుతాడో పెంటితాడో తెలిసేది కూడా అప్పుడే. తాత నాటితే మనవడికి అక్కరకొస్తుందని ఊరికే అనలేదు.

చెట్టుపైన వంటిల్లు

పెద్దాయన కిందకి దిగారు. నడుముకి కత్తి, వీపున లొట్టి. ఆయాసం తీర్చుకుని, లొట్టి మీద తాటాకు తీసి మనవడికి చూపించారు. లోపల నీళ్లకంటే కాస్త చిక్కగా, మసకతెల్లగా ఉంది.

‘ఇదేటి తాతా, పాలా?’

‘సెట్టు పాలురా నాయనా. తాగు, ఏటీ కాదు. సున్నం రాసిన లొట్టి ఇది.’

సున్నం ఎందుకో తెలుసా? గెలనుంచి కారేటప్పుడు ఆ రసం చక్కటి తీపి. నూటికి పది, పన్నెండు పాళ్లు చక్కెరే. దీన్నే నీరా అంటాం. కానీ గాలిలో, గెలమీద, పాతలొట్టి గోడల్లో ఉండే ఈస్ట్ కణాలు కారుతుండగానే దానిమీద పడిపోతాయి. చక్కెరను తిని ఆల్కహాలుగా మార్చేస్తాయి. లోపల సున్నం పూస్తే వాటి ఆటలు సాగవు. రసం తియ్యగానే ఉండిపోతుంది. దాన్ని కాస్తే తాటిబెల్లం. సున్నం లేని లొట్టిలో పడితే కల్లు. వేరే పొయ్యి లేదు, పీపా లేదు. వంటంతా చెట్టుమీదే అయిపోతుందన్నమాట!

ఆ నాలుగు చుక్కలు రావడానికి పడే పాట్లు మాత్రం చిన్నవి కావు. పోతుతాడి గెలల్ని కట్టగా కట్టి, కర్రలతో మెల్లగా నొక్కుతూ రోజుల తరబడి మెత్తబరచాలి. ఆ తర్వాత పొద్దున, సాయంత్రం చివర్లను కాగితమంత పలచగా గియ్యాలి. ఎక్కువ తెగిందా, గెల తొందరగా అయిపోతుంది. తక్కువ తెగిందా, ధార ఆగిపోతుంది. ఒక్కపూట మానేసినా చెట్టు అలుగుతుంది. ‘పెళ్లాం పురిటికెళ్లినా, అమ్మ సచ్చిపోనా సెట్టెక్కాలి బాబూ. దీనికి ఆదోరం లేదు’ అన్నారాయన. ఆదివారం అనుబంధంలో పనిచేసే నాకు ఏమనాలో తెలియలేదు.

నలభై ఏళ్లలో ఒకసారి పడ్డారు. ఎడమచెయ్యి అతుక్కుంది గానీ, నేటికీ పూర్తిగా మడవలేరు. ఆ చేతితోనే రోజూ చెట్లెక్కి కొడుకుని ఇంజినీరింగ్ చదివించారు.

ఏ వేళకి ఏ కూర?

కల్లు అనగానే ‘కల్లు తాగిన కోతి’ గుర్తొస్తుంది కానీ, దానికీ ఓ భోజనశాస్త్రం ఉందని నాకు ఆ ఇంట్లోనే తెలిసింది. చెప్పింది పెద్దాయన, వండి చూపించింది అమ్మ.

పొద్దున్న దింపిన కల్లు తియ్యగా, తేలిగ్గా ఉంటుంది. దానికి ఉడకబెట్టిన ఉలవలో సెనగలో చాలు. కారం కూరలు దాని సున్నితాన్ని మింగేస్తాయి. ఎండెక్కేసరికి తీపి తగ్గి పులుపు మొదలవుతుంది, నాలుకమీద చురచురమంటుంది. పీతల ఇగురుకీ, రొయ్యల వేపుడుకీ ఇదే సరైన వేళ. సాయంత్రానికి పులుపు ముదిరి ఘాటెక్కుతుంది. అప్పుడిక ఎండుచేపలే దానికి జోడీ. ఉప్పు ముందు పులుపు తల వంచుతుంది. మర్నాటికి మిగిలితే? ‘అది మనుషులకి కాదు, ఆవకాయకి’ అని నవ్వారు. నిజమే, ఇంకా పులిస్తే అది వెనిగరే కదా.

వైన్ నిపుణులు పుస్తకాల్లో రాసే సూత్రాలూ ఇవే కావడం విచిత్రం. ఉప్పు, కొవ్వు ఉన్న వంటకానికి పుల్లటి పానీయం పెట్టు. తినేది పుల్లనైతే తాగేది అంతకంటే పుల్లగా ఉండాలి, లేకపోతే చప్పబడుతుంది. కారం ఎక్కువైతే ఆల్కహాలు తక్కువున్నది ఎంచుకో, లేదంటే మంట రెట్టింపవుతుంది. మన పెద్దాయన వీటిలో ఏ ఒక్కటీ చదవలేదు!

కేరళ వాళ్లు ఈ విషయంలో మనకంటే తెలివైనవాళ్లు. అక్కడి కల్లుషాపుల్లో కర్రపెండలం, చేపలకూర తినడానికే జనం వస్తారు. అప్పాల పిండి పొంగడానికీ కల్లు వేస్తారు. గోవాలో సన్నాలు అనే ఇడ్లీలదీ అదే కథ. మనదగ్గర మాత్రం తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారనే భయంతో, దాని పక్కనున్న వంటని కూడా ఇంటి బయటే ఉంచేశాం.

సీసా మూత తీశాక...

మధ్యాహ్నం పన్నెండు. చావిట్లో చాప పరిచారు. సీసాకి తడిగుడ్డ చుట్టి, నీళ్లకుండలో ముంచి చల్లబరిచారు. ఈ వైన్ బాగా చల్లగా ఉంటేనే రుచి. పక్కన లొట్టి. ఎదురుగా నౌపడ పర్రలో పట్టిన పీతల ఇగురు, రొయ్యల వేపుడు, కానాగంతల పులుసు, ఎండు నెత్తళ్ల వేపుడు. అమ్మ సీసా మూతి వాసన చూసి, ‘ద్రాక్షపళ్లు కుళ్లిపోనట్టున్నాయి’ అని పక్కకి జరిగింది.

పెద్దాయన స్టీలుగ్లాసులో ఓ గుక్క తాగి కళ్లు మూసుకున్నారు. మేం ముగ్గురం ఆయన మొహంలోకే చూస్తున్నాం.

‘పులుపు బావుంది. నురగ లేదు. సచ్చిపోనాదేటిది?’

కల్లు బతికున్న పానీయం. గ్లాసులో కూడా పులుస్తూనే ఉంటుంది. సీసాలోది అన్నీ అయిపోయి స్థిరపడినది. ఆ తేడాని ఒక్కమాటలో చెప్పేశారాయన. పీతల ఇగురుతో రెండో గుక్క తాగి, ‘ఇది ఒప్పుకుంటాను’ అన్నారు. రొయ్యలతో కూడా సై. పులుసు దగ్గరకొచ్చేసరికి చింతపండు ముందు పిక్‌పూల్ చేతులెత్తేసింది, ఉత్తనీళ్లయిపోయింది. నెత్తళ్ల వేపుడుతో అయితే నోరు భగ్గుమంది. మరి వైన్‌లో ఆల్కహాలు పన్నెండు, పదమూడు శాతం. కల్లులో సుమారు నాలుగైదే. శ్రీకాకుళం కారానికి మందు శ్రీకాకుళంలోనే ఉందని తేలిపోయింది.

నవ్వులు సద్దుమణిగాక మావాడు తలొంచుకుని ఓ విషయం చెప్పాడు. నాకు కాదు, తండ్రికి.

ఆ వైన్ కొనడానికి పినే దగ్గర ఓ తోటకి వెళ్లాడట. తోట యజమాని తన తండ్రి, తాత ఫొటోలు గోడమీద చూపించి, ‘మా నాన్న కూడా ఈ పనే చేశాడు. మరి మీ నాన్నేం చేస్తారు?’ అనడిగాడట.

‘వ్యవసాయం అని చెప్పాను నాన్నా. పదిహేనేళ్లుగా అక్కడ అందరికీ అదే చెబుతున్నాను.’

చావిడి నిశ్శబ్దమైపోయింది. పెద్దాయన నెత్తళ్లు రెండు కొడుకు కంచంలో వేశారు. ‘అబద్ధమేటున్నాదిరా? సెట్టు ఎవసాయం కాదా?’ అన్నారు. అంతే. కానీ ఆ తర్వాత చాలాసేపు ఆయన లొట్టి ముట్టుకోలేదు, సీసా ముట్టుకోలేదు.

వైన్ కోసం వీధికెక్కారు... కల్లు కోసం సర్కారే కూలింది!

ఆ ఫ్రెంచి రైతుకి అంత గర్వం ఎక్కడినుంచి వచ్చింది? ఊరికే రాలేదు. 1907లో ఇదే లాంగ్‌డాక్‌లో ద్రాక్షరైతులు వీధుల్లోకొచ్చారు. చక్కెర నీళ్లు కలిపిన కల్తీ వైన్ మార్కెట్‌ని ముంచెత్తి ధరలు పడిపోయాయి, కడుపులు మాడాయి. మార్సెలిన్ ఆల్బేర్ అనే చిన్నరైతు నాయకత్వంలో జూన్‌లో మోంపెలియే పట్టణంలో లక్షలమంది గుమికూడారు. నార్బోన్‌లో సైనికులు కాల్పులు జరిపితే ప్రాణాలు పోయాయి. చివరికి కల్తీకి వ్యతిరేకంగా చట్టాలొచ్చాయి. 1935లో, ఫలానా ఊరి పేరు ఫలానా నేలలో పండినదానికే చెందాలనే ఏర్పాటు దేశం మొత్తానికీ వచ్చింది. పిక్‌పూల్ ద పినేకి సొంతంగా ఆ హోదా దక్కింది మాత్రం 2013లోనే.

మనకీ అలాంటి చరిత్ర ఉంది. మర్చిపోయాం. ఈ జిల్లాలోని బారువలో పుట్టిన సర్దార్ గౌతు లచ్చన్న కల్లుగీత కుటుంబాల పక్షాన నిలబడి పోరాడారు. మద్రాసు రాష్ట్రం నాటి మద్యనిషేధం 1953లో ఏర్పడిన ఆంధ్రరాష్ట్రానికీ సంక్రమించింది. చెట్టెక్కడం నేరమైపోయి వేల కుటుంబాలు వీధినపడ్డాయి. నిషేధం ఎత్తెయ్యాలన్న రామమూర్తి కమిటీ సిఫారసును ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం ఒప్పుకోలేదు. 1954 నవంబరులో ఈ గొడవ మీదే ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది. ఒక చెట్టు రసం ఒక ప్రభుత్వాన్ని దింపేసిందంటే నమ్ముతారా?

అయితే ఫ్రాన్స్‌లో పోరాటం తర్వాత పేరు వచ్చింది, నాణ్యత వచ్చింది. ఇక్కడ పని మిగిలింది కానీ పరువు రాలేదు. కల్తీ పీడా పోలేదు. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీకల్లు తాగి పలువురు చనిపోయారు. అలాంటి వార్త వచ్చినప్పుడల్లా, చెట్టు నుంచి నేరుగా దింపే ఇలాంటి పెద్దాయనల మీదా అనుమానం పడుతుంది. కల్లైనా వైనైనా మత్తుపదార్థమే, మితం తప్పితే కొంపలు ముంచేదే. ఆ మాట ఎవరూ కాదనరు. కానీ నీరా, తాటిబెల్లం, ముంజెలు, తేగలు, తాండ్ర ఇచ్చే చెట్టుని ఆ ఒక్క మాటతో కొట్టిపారేయగలమా?

కొట్టేస్తూనే ఉన్నాం. ఆయన ఎక్కే పొలంలో ఒకప్పుడున్న చెట్లలో సగం కూడా ఇప్పుడు లేవట. కొన్ని ఇటుకబట్టీలకి, కొన్ని ఇళ్లస్థలాలకి పోయాయి. మిగిలినవి ఎక్కేవాళ్లు లేక ఊరకే నిలబడ్డాయి. కుర్రాళ్లు చెన్నైకో హైదరాబాద్‌కో వెళ్లిపోయారు. వాళ్లని తప్పుపట్టలేం. పడితే ప్రాణం పోయే పనికి పిల్లనిచ్చేవాళ్లు లేరు.

ఆశ పూర్తిగా లేకపోలేదు. రంపచోడవరం దగ్గర పందిరిమామిడి ఉద్యాన పరిశోధన స్థానంలో తాటి నీరా, బెల్లం ఉత్పత్తుల మీద పరిశోధన జరుగుతోంది. హైదరాబాద్‌లో నెక్లెస్ రోడ్డులో 2023లో నీరా కేఫ్ తెరిచారు. ఇదే జిల్లాలోని బుడితి కంచు, ఇత్తడి సామాన్లకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆత్రేయపురం పూతరేకులకీ 2023లో వచ్చింది. ఊరిపేరుతో అమ్ముడయ్యే ఒక తాటిబెల్లం ఈ తీరానికెందుకు ఉండకూడదు?

వెళ్లాలనుకుంటే...

కోటబొమ్మాళి హౌరా-చెన్నై రైలుమార్గంలో, జాతీయ రహదారికి దగ్గర్లో ఉంది. ప్యాసింజర్లు ఆగుతాయి. ఎక్స్‌ప్రెస్‌లో వచ్చేవాళ్లు శ్రీకాకుళం రోడ్డులోనో పలాసలోనో దిగి బస్సెక్కొచ్చు. ఊళ్లో కొత్తమ్మతల్లి గుడి తప్పక చూడాలి. జాతర రోజుల్లో అయితే కాలు పెట్టే సందుండదు. ఫిబ్రవరిలో వెళ్తే పొద్దున్నే నీరా దొరకొచ్చు, తేలినీలాపురం పక్షుల్నీ చూడొచ్చు. ఏప్రిల్, మే అయితే ముంజెలు. పిల్లలతో వెళ్లేవాళ్లకి అదే మంచి కాలం.

మర్నాడు నేను బయల్దేరేవేళకి చెట్టుకింద సందడిగా ఉంది. మావాడు ఫోన్ పైకెత్తి తండ్రి చెట్టెక్కడం వీడియో తీస్తున్నాడు. తీసి అక్కడికక్కడే ఎవరికో పంపాడు. ‘పినేలో ఆ తోటాయనకి’ అన్నాడు. కింద ఏదో ఫ్రెంచిలో రాశాడు. అర్థం అడిగితే చెప్పాడు... ‘మా నాన్న.’

పెద్దాయన దిగి, కొడుకు చెప్పింది విని, తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. చాలాసేపు తుడుచుకున్నారు. తర్వాత గుర్తొచ్చినట్టు ఇంటివైపు తిరిగి కేకేశారు.

‘ఒలే, ఆ సీసా పారీకు. గట్టిది. తేనె పోసుకోడానికి పనికొస్తాది.’